ఏ తేడాకు ఎంత ఖర్చు?

కాకినాడ

చి. స్రవంతికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రాజెక్టు రిపోర్టు మొదటి నుంచి చివరి దాకా చదివాను. రివ్యూలో మీ గైడు గారు "ట్రీలెందుకమ్మా, స్ట్రింగులుగా పోలిస్తే సరిపోదా?" అని అడిగితే నీకు నోట మాట రాలేదని మీ నాన్న చెప్పాడు. అందులో చిన్నబోవాల్సిందేమీ లేదు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు నీ రిపోర్టులో ఉంది కూడా, కాకపోతే మూడో చాప్టర్లో ఓ మూల నక్కి ఉంది. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు. పక్కన ఓ తెల్లకాగితం పెట్టుకుని, బొమ్మలు గీసుకుంటూ ఈ ఉత్తరం చదువు.

ముందు నాకు నచ్చని సంగతి చెప్పేస్తాను. నీ రిపోర్టు అల్గారిథంతో మొదలైంది. పేజీ తిప్పితే టైమ్ కాంప్లెక్సిటీ. నీ ముందున్న పనేమో ల్యాబులో అరవై మంది రాసిన ప్రోగ్రాముల్లో ఎవరు ఎవరిది చూసి రాశారో పట్టుకోవడం. అలాంటప్పుడు మొదటి పేజీలో ఉండాల్సింది పిల్లలు ఎలా కాపీ కొడతారన్నది. నువ్వూ ఆ బెంచీల్లోంచే వచ్చావు కాబట్టి నాకంటే నీకే బాగా తెలుసు. వేరియబుల్ పేర్లు మారుస్తారు. కామెంట్లు తీసేస్తారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు లైన్లను అటుదిటు ఇటుదటు చేస్తారు. ఫర్ లూపును వైల్ లూపు చేస్తారు. కాస్త తెలివైనవాడు ఎప్పుడూ నిజమయ్యే షరతుతో ఒక ఇఫ్‌ను మధ్యలో దూరుస్తాడు. ఇంకాస్త ముదిరినవాడు ఓ ముక్క కోసి వేరే ఫంక్షన్‌గా పెడతాడు. వీటిలో ప్రతిదానికీ ట్రీలో ఒక రూపం ఉంటుంది. ఆ రూపానికి ఎంత ఖర్చు కట్టాలో నువ్వు తేల్చుకున్నాక అల్గారిథం మాట. రెండు ప్రోగ్రాములు ఒకేలా ఉన్నాయో లేదో అల్గారిథానికేం తెలుసు? ఏ తేడాను చూసీ చూడనట్టు వదిలేయాలో, దేన్ని గట్టిగా పట్టుకోవాలో నువ్వు చెబితే, ఆ ప్రకారం లెక్కపెట్టి పెడుతుంది.

ఇక గైడు గారి ప్రశ్న. నువ్వు పార్సర్‌తో అబ్‌స్ట్రాక్ట్ సింటాక్స్ ట్రీ తీశావు. కామెంట్లు, ఖాళీలు, ఇండెంటేషన్ అక్కడే రాలిపోయాయి. వేరియబుళ్లన్నిటికీ 'పేరు' అన్న ఒకే లేబుల్ పెట్టావు, అది మంచి పని. ఆ తర్వాత ట్రీని ప్రీఆర్డర్‌లో ఒక వరసగా రాసి, రెండు వరసల మధ్య లెవన్‌ష్టైన్ దూరం కొలిచావు. ఒక అక్షరం చేర్చడం, తీసేయడం, మార్చడం అనే మూడు పనులతో దూరాన్ని కొలిచే ఈ ఆలోచన 1965 నాటిది. దాన్ని టేబుల్ నింపుతూ లెక్కకట్టే పద్ధతిని వాగ్నర్, ఫిషర్ 1974లో ప్రచురించారు. వరసగా మార్చడం తప్పని నేను అనను. కాపీలు పట్టడంలో పేరున్న సాఫ్ట్‌వేర్లు వరసలతోనే నెట్టుకొస్తున్నాయి. జర్మనీలోని కార్ల్స్‌రూహెలో పుట్టిన జేప్లాగ్, ప్రోగ్రామును టోకెన్ల వరసగా మార్చి రెండింటిలో ఉమ్మడిగా ఉన్న పొడవైన ముక్కలు వెతుకుతుంది. స్టాన్‌ఫర్డ్ వాళ్ల మాస్, ప్రోగ్రాములోని చిన్న చిన్న ముక్కలకు హ్యాష్‌లు కట్టి, వాటిలోంచి కొన్నింటిని ఏరి పోలుస్తుంది. ఆ ఏరే పద్ధతిని ష్లైమర్, విల్కర్సన్, ఐకెన్ 2003లో 'విన్నోయింగ్' పేరుతో ప్రచురించారు.

అయితే వరసకు కనపడనిది ఒకటుంది. ఒకడి ప్రోగ్రాములో లూపు ఉంది, లూపు లోపల కూడిక, కూడిక తర్వాత లోపలే ప్రింట్. ఇంకొకడి ప్రోగ్రాములో లూపు లోపల కూడిక మాత్రమే, ప్రింట్ లూపు బయట. ప్రీఆర్డర్‌లో రాస్తే రెండూ ఒకటే: లూపు, కూడిక, ప్రింట్. దూరం సున్నా. కానీ మొదటివాడి ప్రోగ్రాము అరవై మార్కులకు అరవైసార్లు ప్రింట్ చేస్తుంది, రెండోవాడిది ఒక్కసారే. పైగా మొదటివాడు తప్పు, రెండోవాడు ఒప్పు! బ్రాకెట్లు పెట్టి రాస్తే ఈ తేడా బయటపడుతుంది గానీ, తెరిచిన బ్రాకెట్టు, మూసిన బ్రాకెట్టు ఒక జంట అని లెవన్‌ష్టైన్ లెక్కకు తెలియదు. ఒకచోట మూసినదాన్ని తీసి ఇంకోచోట పెట్టేసి, తక్కువ ఖర్చుతో పని కానిచ్చేస్తుంది.

ఇప్పుడు కాగితం తీసుకో. మార్కులు కూడే లైను ఒక్కటి గీద్దాం: మొత్తానికి మార్కు కలిపి మళ్లీ మొత్తంలోనే పెట్టడం. పైన 'అసైన్' నోడు. దాని కింద ఎడమన 'పేరు', కుడివైపు 'ప్లస్'. ప్లస్ కింద రెండు 'పేరు' నోడ్లు. మొత్తం అయిదు. కాపీ కొట్టినవాడు ఈ లైనును ఒక దొంగ ఇఫ్‌లో చుట్టాడు, షరతు దగ్గర ఊరికే 1 అని రాశాడు. వాడి ట్రీలో పైన 'ఇఫ్', దాని కింద ఎడమన 'సంఖ్య', కుడివైపు మన అసైన్ సబ్‌ట్రీ చెక్కుచెదరకుండా. మొత్తం ఏడు.

స్టాన్లీ సెల్కో 1977లో ట్రీల మధ్య దూరానికి ఒక నిర్వచనం ఇచ్చాడు. లేబుల్ ఎక్కడైనా మార్చొచ్చు. చేర్చడం, తీసేయడం మాత్రం లీఫ్‌ల దగ్గరే. ఆ నియమంతో మన జంటను కొలిచి చూడు. అసైన్‌ను ఇఫ్‌గా మార్చాలి, దాని కింద పేరును సంఖ్యగా, ప్లస్‌ను అసైన్‌గా, ఆ ప్లస్ కింది కుడి పేరును ప్లస్‌గా మార్చాలి. ఇప్పటికి నాలుగు. ఆ కొత్త ప్లస్ కింద ఇంకో రెండు పేర్లు చేర్చాలి. మొత్తం ఆరు. ఇంతకంటే తక్కువలో కుదరదు, కావాలంటే ప్రయత్నించు. అయిదు నోడ్ల ట్రీకి ఆరు మార్పులంటే, ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదని చెప్పినట్టే.

రెండేళ్ల తర్వాత, 1979లో, కువో-చుంగ్ తై ఈ నియమాన్ని సడలించాడు. ఏ నోడునైనా తీసేయొచ్చు. తీసేస్తే దాని పిల్లలు తమ వరస చెడకుండా పైనున్న నోడుకు చేరిపోతాయి. చేర్చడమంటే అదే పనిని వెనక్కి నడపడం. ఈ లెక్కలో దొంగ ఇఫ్ ఖర్చు ఎంత? సంఖ్యను తీసెయ్, ఇఫ్‌ను తీసెయ్. రెండు. ఆ ఇఫ్ లోపల అయిదు నోడ్లున్నా, యాభై ఉన్నా రెండే. నీ ప్రాజెక్టుకు ట్రీ ఎడిట్ డిస్టెన్స్‌లో ఏ రకం కావాలన్నది ఈ ఒక్క ఉదాహరణతో తేలిపోతుంది. సెల్కో నిర్వచనం పనికిరానిదని మాత్రం అనుకోకు. చేర్పులన్నీ చివర్లలోనే జరిగే డేటాకు అది చాలు, లెక్కా తేలిక.

గైడు గారు ఇక్కడ నిన్ను పట్టుకుంటారు, సిద్ధంగా ఉండు. "దొంగ ఇఫ్‌కు ప్రీఆర్డర్ వరస కూడా రెండే చూపిస్తుందిగా?" అంటారు. నిజమే, చూపిస్తుంది. అది యాదృచ్ఛికం కూడా కాదు. తై నియమం ప్రకారం ట్రీలో ఒక నోడును తీసినా, చేర్చినా, మార్చినా ప్రీఆర్డర్ వరసలో మారేది సరిగ్గా ఒక్క గుర్తు. కాబట్టి వరసల దూరం ఎప్పుడూ ట్రీల దూరాన్ని మించదు. పోస్ట్ఆర్డర్‌కూ ఇంతే. నీ మూడో చాప్టర్లో మూల నక్కి ఉన్నది ఈ సంగతే! దీన్ని ముందుకు లాగు. వరసల దూరమే ఎక్కువగా ఉంటే ట్రీల దూరం అంతకంటే తక్కువ ఉండే ప్రసక్తి లేదు, ఆ జంటను నిశ్చింతగా పక్కన పెట్టొచ్చు. వరసల దూరం తక్కువగా ఉంటే మాత్రం ఏమీ తేలినట్టు కాదు. ఇందాకటి లూపు, ప్రింట్ ఉదాహరణలాగా సున్నా అయినా మోసం ఉండొచ్చు. అక్కడ ట్రీని దింపాలి. స్ట్రింగు జల్లెడ, ట్రీ తీర్పు. ఆయనకు ఇదే చెప్పు.

ఇక టేబుల్ నింపే పద్ధతి. నువ్వు లైబ్రరీ నుంచి దిగుమతి చేసుకుని వాడావు, వైవాలో అడిగితే దొరికిపోతావు. కైజోంగ్ జాంగ్, డెన్నిస్ షాషా 1989లో ఇచ్చిన పద్ధతి అది. నోడ్లకు పోస్ట్ఆర్డర్‌లో నంబర్లు వేస్తారు. రెండు వైపులా చివరి నోడ్లను చూస్తే దారులు మూడే: మొదటిదాని చివరి నోడును తీసేయడం, రెండోదాని చివరి నోడును చేర్చడం, లేదా రెండింటినీ జతకట్టడం. స్ట్రింగుల్లో కూడా ఇవే మూడు. తేడా ఎక్కడొస్తుందంటే, రూటును తీసేశాక మిగిలేది ట్రీ కాదు, పక్కపక్కన నిలబడ్డ కొన్ని ట్రీలు. దాన్ని ఫారెస్ట్ అంటారని నీకు తెలుసు. అందుకే పోల్చేవి ట్రీలే అయినా టేబుల్ గడుల్లో కూర్చునేవి ఫారెస్టుల మధ్య దూరాలు. జతకట్టే దారిలో ఇంకో కట్టుబాటు ఉంది. రెండు నోడ్లను జతకడితే, ఒకదాని కిందున్నవి రెండోదాని కిందున్నవాటితోనే జతకావాలి, ఎడమన మిగిలినవి ఎడమన మిగిలినవాటితోనే. స్ట్రింగుకు తెలియని బ్రాకెట్ల జంటను ట్రీ లెక్కలో కాపాడేది ఈ కట్టుబాటే.

ఆ కిందున్నవాటి దూరం అప్పటికే లెక్కకట్టి ఉంటేనే ఈ గడి నిండుతుంది. అందుకని ప్రతి జత సబ్‌ట్రీలకూ వేరువేరుగా టేబుళ్లు వేయాల్సి వస్తుందేమో అనిపిస్తుంది. మన బొమ్మల్లో అయిదు నోడ్లు, ఏడు నోడ్లు కాబట్టి ముప్పై అయిదు టేబుళ్లు. అన్ని అక్కర్లేదని కనిపెట్టడమే జాంగ్, షాషాల గొప్పతనం. ఒక నోడూ, దాని ఎడమ కొస చైల్డూ ఒకే లీఫ్ దగ్గర మొదలవుతాయి, కాబట్టి పెద్దదానికి టేబుల్ వేస్తే చిన్నదాని లెక్క అందులోనే పడిపోతుంది. మిగిలేవి రూటు, ఎడమన తోబుట్టువు ఉన్న నోడ్లు. వీటిని కీరూట్లు అంటారు. మొదటి ట్రీలో అసైన్, ప్లస్, ప్లస్ కింది కుడి పేరు, ఈ మూడూ కీరూట్లు. రెండోదాంట్లో ఇఫ్, అసైన్, ప్లస్, చివరి పేరు, ఈ నాలుగు. మూడు నాలుగులు పన్నెండు టేబుళ్లతో సరి. కీరూట్ల సంఖ్య లీఫ్‌ల సంఖ్యతో సమానంగా వస్తుందని కూడా గమనించు. మొదటిదాంట్లో లీఫ్‌లు మూడు, రెండోదాంట్లో నాలుగు.

కాంప్లెక్సిటీ చరిత్ర వైవాకు పనికొస్తుంది కాబట్టి చెబుతాను, రిపోర్టులో మాత్రం అర పేజీ దాటనివ్వకు. తై పద్ధతికి అడుగుల సంఖ్య, చెడ్డ సందర్భంలో, నోడ్ల సంఖ్య ఆరో ఘాతం దాకా పోతుంది. జాంగ్, షాషాలది నాలుగో ఘాతం. అయితే ట్రీ లోతు తక్కువైతే అంత దూరం పోదు, ప్రోగ్రాముల ట్రీలు సాధారణంగా అలాంటివే. ఫిలిప్ క్లైన్ 1998లో దాన్ని ఘనం, పక్కన ఒక లాగరిథం దాకా దించాడు. డెమైన్, మోజెస్, రాస్‌మన్, వైమన్ 2007లో ఆ లాగరిథాన్ని కూడా తీసేశారు. ఆపైన ఇంకా దించొచ్చా అంటే, ఖర్చులు మనిష్టమొచ్చినట్టు పెట్టుకునే సమస్యలో అది బహుశా కుదరదని 2018లో బ్రింగ్‌మన్ బృందం చూపించింది. అలా దించగలిగితే గ్రాఫులో అన్ని జంటల మధ్య అతి తక్కువ దూరాలు కనుక్కునే పాత సమస్య కూడా ఘనం కంటే గట్టిగా కిందికి దిగిపోవాలి, దాన్ని ఇంతవరకూ ఎవరూ దించలేదు. అన్ని మార్పులకూ ఖర్చు ఒకటే అయితే మాత్రం సందు ఉందని 2021లో షియావో మావో నిరూపించాడు, ఘాతం 2.9546. 3కి, దానికి తేడా నీ ల్యాబులో కనపడదు గానీ, అన్నేళ్లు కదలని గోడకు బీట పడడం మాలాంటివాళ్లకు పండగే.

నీకు కావలసిన లెక్క వేరే. అరవై మంది అంటే 1,770 జంటలు. ఒక్కో ట్రీకి 400 నోడ్లు వేసుకో, ఘనం 6.4 కోట్లు. సెకనుకు పది కోట్ల అడుగులు నడిచే మామూలు కంప్యూటరైనా పంతొమ్మిది నిమిషాల్లో తరగతి మొత్తాన్ని తేల్చేస్తుంది. ల్యాబ్ అటెండర్ టీ తాగి వచ్చేలోగా పని అయిపోతుంది. దీనికోసం నువ్వు రిపోర్టులో రాసుకున్న ప్యారలల్ ప్రాసెసింగ్ అంతా ఆర్భాటమే. కానీ సీనియర్ల రికార్డుల్లోంచి కొట్టేవాళ్లే ఎక్కువ కదా? అందుకని పాత బ్యాచ్‌లన్నీ కలిపి మూడు వేల ప్రోగ్రాములు పోగేశావనుకో, జంటలు 44,98,500. అదే కంప్యూటరుకు ముప్పైమూడు రోజులు. జల్లెడ కావాల్సింది అప్పుడు.

జల్లెడల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది హ్యాష్. కింది నుంచి పైకి వెళ్తూ ప్రతి లీఫ్‌కూ దాని లేబుల్‌తో హ్యాష్ కట్టు. పై నోడుకు తన లేబుల్, పిల్లల హ్యాష్‌లు కలిపి ఇంకో హ్యాష్. ఒక్క చుట్టు తిరిగేసరికి ప్రతి సబ్‌ట్రీకి ఒక నంబరు వచ్చేస్తుంది. నంబర్లు కలిస్తే సబ్‌ట్రీలు కలిసినట్టే. రోజూ నువ్వు వాడే గిట్ ఫోల్డర్లను నిలవ చేసేది ఇలాగే, అందుకే మారని ఫోల్డర్‌ను తెరవకుండానే దాటేస్తుంది. ఒక్క లీఫ్ మారినా రూటు దాకా హ్యాష్‌లన్నీ మారిపోవడం దీని బలహీనత. ఇరా బాక్స్‌టర్ బృందం 1998లో పెద్ద ప్రోగ్రాముల్లో నకలు ముక్కలు వెతకడానికి దీన్ని తెలివిగా మొద్దుబార్చింది. పేర్లను పట్టించుకోని మోటు హ్యాష్ కట్టి, ఒకే బుట్టలో పడ్డ సబ్‌ట్రీలను మాత్రమే నోడు నోడుగా పోల్చారు. వాళ్ల కొలత ఇది: ఉమ్మడి నోడ్లకు రెట్టింపును తీసుకుని, ఆ రెట్టింపుకు ఇటు విడి నోడ్లు, అటు విడి నోడ్లు కలిపిన మొత్తంతో భాగించడం. మన దొంగ ఇఫ్‌కు ఉమ్మడివి 5, ఇటు విడివి 0, అటు విడివి 2. పదిని పన్నెండుతో భాగిస్తే 0.83. ఇదే పని నికొలాస్ ఔగ్‌స్టెన్, బోలెన్, గాంపర్ 2005లో ఇంకోలా చేశారు. ప్రతి నోడు చుట్టూ కొందరు పూర్వీకులు, వరసగా కొందరు పిల్లలు ఉండేలా చిన్న చిన్న అచ్చులు తీసి, రెండు ట్రీల అచ్చుల సంచుల్లో ఎన్ని కలిశాయో లెక్కపెట్టారు. వాటిని పీక్యూ-గ్రాములు అంటారు. మూడు వేల ప్రోగ్రాములకు నేనైతే మొదట దీన్నే పెడతాను.

వెబ్‌సైట్లు కట్టే నీ స్నేహితులు వాడే రియాక్ట్ కథ కూడా ఇలాంటిదే. ప్రతి క్లిక్‌కూ పాత పేజీ ట్రీని కొత్తదానితో పోల్చాలి. వెయ్యి నోడ్లకు ఘనమంటే వంద కోట్లు, క్లిక్ చేసినవాడు లేచి వెళ్లిపోతాడు. అందుకని నోడు రకం మారితే దాని కిందంతా పారేసి కొత్తగా కట్టేస్తుంది. లిస్టులో ఏది ఏదో తెలియడానికి కీ ఇవ్వమని ప్రోగ్రామర్‌నే అడుగుతుంది. దొంగ ఇఫ్‌ను అది చచ్చినా గుర్తుపట్టదు. గుర్తుపట్టాల్సిన అవసరం దానికి లేదు.

ఇప్పుడు లైన్ల వరస మార్చేవాళ్ల సంగతి. నీ లెక్కలో పిల్లల వరస ముఖ్యం, ఎడమది ఎడమే, కుడిది కుడే. కూడికలో రెండు పక్కలూ తారుమారు చేస్తే అర్థం మారదు, తీసివేతలో మారుతుంది. ఇలాంటి చోట దూరం కొలిచే పద్ధతిని మార్చబోకు, ట్రీనే ముందు సర్దు. ప్లస్, గుణకారం లాంటి నోడ్ల కింద పిల్లలను వాటి హ్యాష్ ప్రకారం ఒక క్రమంలో పేర్చెయ్. ఏహో, హాప్‌క్రాఫ్ట్, ఉల్‌మన్ 1974 నాటి తమ పుస్తకంలో రెండు ట్రీలు వరసతో నిమిత్తం లేకుండా ఒకటేనా కాదా అన్నది లీనియర్ టైములో తేల్చింది ఈ మార్గంలోనే. పిల్లల సంకేతాలను సార్ట్ చేయడం, వాటితో తండ్రి సంకేతం కట్టడం, అంతే. వరస అక్కర్లేకుండా సమానమా అని అడగడం ఇంత సులువు. వరస అక్కర్లేకుండా ఎంత దూరం అని అడిగితే మాత్రం కొంప మునుగుతుంది. అది ఎన్‌పీ-కంప్లీట్ అని జాంగ్, స్టాట్‌మన్, షాషా 1992లో నిరూపించారు. ప్రతి నోడుకూ ఇద్దరికి మించి పిల్లలు లేకపోయినా, లేబుళ్లు రెండే ఉన్నా అంతే. అందుకే 'అన్‌ఆర్డర్డ్ వెర్షన్ కూడా చేస్తాను' అని నువ్వు ఫ్యూచర్ వర్క్‌లో రాసిన వాక్యాన్ని కొట్టెయ్.

వరస ఎక్కడ ముఖ్యం, ఎక్కడ కాదు అన్నది డేటాను బట్టి ఉంటుంది. మన భాషనే చూడు. 'రవి లతకు పుస్తకం ఇచ్చాడు'. ఈ వాక్యానికి డిపెండెన్సీ ట్రీ గీస్తే రూటు 'ఇచ్చాడు', దాని కింద రవి కర్త, లత సంప్రదానం, పుస్తకం కర్మ. 'లతకు రవి పుస్తకం ఇచ్చాడు', 'పుస్తకం రవి లతకు ఇచ్చాడు' అన్నా తెలుగే. క్రియను చివరే ఉంచినా ఆరు రకాలుగా చెప్పొచ్చు. పిల్లల వరసను పట్టించుకుంటే అవి ఆరు వేరు ట్రీలు, పట్టించుకోకపోతే ఒకటే. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు మన భాషలకు ట్రీబ్యాంకులు కట్టేటప్పుడు పాణిని కారకాల దారి పట్టడంలో ఉన్న లాభం ఇదే. విభక్తి ఉంది కాబట్టి స్థానం చూడక్కర్లేదు, లేబులే పని చేస్తుంది. ప్రోగ్రాములకు ఆ అదృష్టం లేదు. రెండు లైన్లు తారుమారు చేయొచ్చా లేదా అన్నది ఒకటి రాసిన విలువను ఇంకొకటి చదువుతోందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అది ట్రీలో కనపడదు, దానికి డేటా డిపెండెన్స్ గ్రాఫ్ కావాలి. నీ ప్రాజెక్టు పరిధిలో అది లేదని ఒక్క వాక్యంలో ఒప్పుకుని ముందుకు పో.

ముక్క కోసి వేరే ఫంక్షన్‌లో పెట్టేవాడికి కూడా తై లెక్క పనికిరాదు. జరపడం అన్న పని అందులో లేదు కాబట్టి, ముక్కను నోడు నోడుగా తీసి నోడు నోడుగా చేర్చినట్టు లెక్కేస్తుంది. జరపడాన్ని కూడా కలిపితే సమస్య మళ్లీ ఎన్‌పీ-హార్డ్. 2014లో వచ్చిన గమ్‌ట్రీ అనే సాధనం కచ్చితత్వం ఆశ వదులుకుని ఒక ఉపాయం పట్టింది. ముందు పెద్దవాటి నుంచి మొదలుపెట్టి అచ్చంగా ఒకేలా ఉన్న సబ్‌ట్రీలను జతకడుతుంది. ఆ తర్వాత కింది నుంచి పైకి వస్తూ, ఉమ్మడి వారసులు ఎక్కువగా ఉన్న నోడ్లను జతచేస్తుంది. అతి తక్కువ మార్పులే చూపిస్తుందన్న హామీ లేదు, మనిషి చూస్తే ఒప్పుకునేలా ఉంటుంది. నీ సబ్‌ట్రీ హ్యాష్‌లు ఎలాగూ ఉన్నాయి, ఆ మొదటి భాగం వరకూ నువ్వే రాసేయొచ్చు.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది నీ చివరి టేబుల్. పోలిక 80 శాతం దాటితే కాపీ అని గీత గీశావు. సగటు కనుక్కునే ప్రోగ్రాము ఇచ్చి, అరవై మందినీ విడివిడి గదుల్లో కూర్చోబెట్టినా చాలామంది ట్రీలు ఒకేలా వస్తాయి. ఆ లెక్కకు రాసే దారి ఒకటో రెండో. ల్యాబ్ మాన్యువల్లో ఇచ్చిన మెనూ కోడు అందరిలోనూ ఉంటుంది, ముందు దాన్ని ప్రతి ట్రీలోంచి కోసి అవతల పెట్టు. ఆ తర్వాత ప్రతి సబ్‌ట్రీ హ్యాషూ తరగతిలో ఎంతమంది దగ్గర ఉందో లెక్కపెట్టు. యాభై మందిలో ఉన్నదానికి విలువ దాదాపు సున్నా. ఇద్దరిలోనే ఉన్నదానికి ఎక్కువ విలువ. తీసివేయడానికి ప్రతి నోడుకూ ఖర్చు ఒకటే పెట్టావు కదా, దాని బదులు ఈ అరుదుదనాన్ని ఖర్చుగా పెట్టి చూడు. ఎక్కడా వాడని ఒక వేరియబుల్‌ను ఇద్దరూ ఒకే చోట డిక్లేర్ చేశారనుకో, లూపు హద్దు దగ్గర ఇద్దరూ ఒకే తప్పు చేసి ఇద్దరూ ఒకేలా అతుకు వేశారనుకో, మిగతా నోడ్లు వందా కలిసినదానికంటే అది గట్టి సాక్ష్యం. ఒప్పులు అందరికీ ఒకేలా వస్తాయి. తప్పులు ఎవరివి వాళ్లకే ఉంటాయి.

గీత ఎక్కడ గీయాలో కంప్యూటర్ నడవక ముందే ఊహించకు. కొన్ని జంటలు తీసి, మార్కులేమీ చెప్పకుండా, మీ ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్లు ఇద్దరికి ఇచ్చి కళ్లతో చూసి చెప్పమను. ఇద్దరికీ పడని జంటలు ఎన్నొస్తాయో చూస్తే నీ శాతాల మీద నీకే భయం పుడుతుంది. రిపోర్టులో కూడా శాతం ఒక్కటే అచ్చువేయకు. రెండు ట్రీలు పక్కపక్కన పెట్టి, జతపడ్డ నోడ్లకు ఒక రంగు, విడివాటికి ఇంకో రంగు వెయ్. కుర్రవాణ్ణి పిలిచి అడిగేవాళ్ల చేతిలో ఆ బొమ్మ ఉండాలి. 83 అన్న అంకె చూపించి ఒక పిల్లవాడి రికార్డు కొట్టేయడం నాకు సమ్మతం కాదు, అది నీ సాఫ్ట్‌వేర్ చెప్పినా సరే.

మీ అమ్మ పంపిన మామిడికాయ తొక్కు అందింది. ఉప్పు కాస్త ఎక్కువైందని మీ పెద్దమ్మ అంటోంది, అది నువ్వు చెప్పకు. దొంగ ఇఫ్ జంటకు పన్నెండు టేబుళ్లూ చేత్తో నింపి ఫోటో తీసి పంపు. అసైన్, ఇఫ్‌ల టేబుల్ చివరి గడిలో 2 రావాలి. రాకపోతే మొదట చూడాల్సింది కీరూట్ల వరస, చిన్న నంబరు నుంచి పెద్ద నంబరుకు వెళ్లావో లేదో.

మీ పెదనాన్న